నాడి అంటే ఏ నాడి?

తెలుగులో ‘నాడి’, ‘నరం’ అన్న రెండే రెండు మాటలతో మనం కనీసం నాలుగు వేర్వేరు సంగతులను సరిపెట్టుకుంటున్నాం. ఆసుపత్రిలో మణికట్టు పట్టుకుని చూసే నాడి ధమనిలో రక్తం కొట్టుకునే తాకిడి. సెలైన్ పెట్టబోతూ నర్సు ‘నరం దొరకడం లేదండీ’ అన్నప్పుడు ఆమె వెతుకుతున్నది సిర, అంటే రక్తనాళం. అరికాళ్ళు మండినా, చేతులు వణికినా, నిద్ర పట్టకపోయినా ‘నరాల బలహీనత’ అంటాం. అక్కడ నరమంటే మెదడుకూ వెన్నుపాముకూ మిగతా శరీరంతో సంబంధం కలిపే తంతువు. ఇక యోగా నేర్పే మాస్టారు ఇడ, పింగళ, సుషుమ్న అంటూ 72,000 నాడుల లెక్క చెప్పినప్పుడు, అవి సాధకుడు ధ్యానంలో భావించుకునే ప్రాణమార్గాలే గాని కోసి చూపగలిగిన అవయవాలు కావు. ఇన్ని అర్థాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నచోట ‘ప్రాణాయామం నాడుల్ని శుద్ధి చేస్తుంది’ అన్న మాట వినబడితే, బీపీ ఉన్నవాడు తన రక్తనాళాలు శుభ్రపడుతున్నాయని, షుగరు వల్ల కాళ్ళు తిమ్మిరెక్కేవాడు తన నరాలు బాగుపడుతున్నాయని అనుకోవడంలో వింతేమీ లేదు.

మా పెద్దమావయ్య అలాగే అనుకున్నారు. కోనసీమలో కాలువగట్టు మీది ఊరు వాళ్ళది. కొంత కొబ్బరితోట, నాలుగెకరాల వరిచేను, పదేళ్ళుగా బీపీ. మూడేళ్ళ కిందట ఊళ్ళో మూడు వారాల యోగా శిబిరం పెడితే ఒక్కరోజు కూడా మానకుండా వెళ్ళారు. ఆఖరి రోజున శవాసనం నుంచి లేచీ లేవగానే చూస్తే బీపీ 128/80 వచ్చింది. ఇక మాత్రలతో పని లేదని శిబిరం నడిపినాయన అన్నారని మావయ్య అంటారు. ఆయన అలా అననే లేదని అత్తయ్య అంటుంది. ఏమైతేనేం, మాత్రలు మానేశారు. దాళ్వా మాసూళ్ళు, అంటే రెండో పంట కోతలూ నూర్పిళ్ళూ, జరుగుతున్న రోజుల్లో కళ్ళంలో తల తిరిగి కూలబడితే అమలాపురం తీసుకెళ్ళాం. అక్కడ చూస్తే 196/110. ‘ఊపిరి నా చేతిలోకి వచ్చిందిరా, మరి బీపీ ఎందుకు రాలేదు?’ అని ఆసుపత్రి మంచం మీద నుంచే ఆయన నన్ను అడిగారు. ప్రశ్న తెలివైనదే. దానికి జవాబు చెప్పాలంటే ఊపిరికీ గుండెకూ మధ్య ఉన్న నాడుల సంగతి కొంత వివరంగా చూడాలి.

పైగా ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఎవరు ఏ కారణంతో చనిపోతున్నారో ఇంటింటా అడిగి నమోదు చేసినప్పుడు, మొత్తం మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని తేలింది. అంటువ్యాధులు వాటికి చాలా వెనుక ఉన్నాయి. గుండెపోటు, పక్షవాతం పట్నవాసుల జబ్బులన్న నమ్మకం పచ్చటి చేల మధ్య ఎంత గట్టిగా ఉన్నా, లెక్క మాత్రం మరోలా వచ్చింది.

మన ప్రమేయం లేకుండా గుండెను, పేగులను, చెమటను, కంటిపాపను నడిపించే నాడుల అల్లికకు స్వయంచోదిత నాడీవ్యవస్థ అని పేరు. ఇందులో రెండు పాయలున్నాయి. చీకట్లో గట్టు వెంట నడుస్తుండగా పాదానికి చల్లగా ఏదో తగిలిందనుకోండి. అది తాడో పామో తేలకముందే గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, అరచేతులు చెమర్చుతాయి. అది మొదటి పాయ చేసే పని. పాఠ్యపుస్తకాలు దానికి ‘సహానుభూత’ అని పేరు పెట్టాయి గాని, ఆ పాయకు మనం చూపే సానుభూతితో ఏ సంబంధమూ లేదు. ‘సింపథెటిక్’ అన్న ఇంగ్లీషు మాటను అక్షరాలా తెచ్చుకోవడం వల్ల వచ్చిన తంటా అది. రెండో పాయ పరసహానుభూత వ్యవస్థ. భోజనం చేసి అరుగు మీద నడుం వాల్చినప్పుడు గుండె నెమ్మదించడం, పొట్టలో జీర్ణరసాలు ఊరడం దాని చలవే. ఈ రెండింటినీ ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అన్నట్టు చెప్పే ఉపన్యాసాలు తరచుగా వినబడతాయి. అది పొరపాటు. మొదటి పాయ పనిచేయని మనిషి మంచం మీంచి లేచి నిలబడగానే రక్తమంతా కాళ్ళలోకి దిగి కళ్ళు తిరిగి పడిపోతాడు. రెండూ ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. ఎప్పుడు దేని పాలు ఎంత అన్నదే తేడా.

రెండో పాయలో పెద్దది వేగస్ నాడి. కపాలం నుంచి వెలువడే పన్నెండు జతల నాడుల్లో పదోది. మెడలోంచి దిగి గుండెను, ఊపిరితిత్తులను, జీర్ణకోశాన్ని తాకుతూ పోతుంది. లాటిన్‌లో ఆ మాటకు దేశదిమ్మరి అని అర్థం. అది గుండెను ఎలా నెమ్మదింపజేస్తుందో 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రజ్ఞుడు రెండు కప్ప గుండెలతో తేల్చాడు. ఒక గుండెకు వేగస్ నాడి ద్వారా ప్రేరణ ఇచ్చి అది నెమ్మదించాక, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండె మీద పోస్తే, ఏ నాడీ తగలకుండానే అది కూడా నెమ్మదించింది. నాడి చివర ఏదో రసాయనం ఊరుతోందన్నమాట. దాని పేరు ఎసిటైల్ కోలిన్ అని తరువాత రూఢి అయింది. ఈ పరిశోధనలకు 1936లో లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

గుండెకు తనంతట తాను కొట్టుకునే లయ ఒకటి ఉంది. నాడులన్నీ తెంచేసి దాని మానాన దాన్ని వదిలేస్తే పెద్దవారిలో అది నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. విశ్రాంతిలో మన నాడి 70 దగ్గర ఉండడానికి కారణం వేగస్ దాన్ని రోజంతా అదుపులో పట్టి ఉంచడమే. డెల్టావాళ్ళకు ఇది అర్థం కావడం తేలిక. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి మన నీరంతా లాకుల మీదుగానే వస్తోంది. తలుపు కొంచెం దించి ఉంచడమే లాకుల దగ్గర లస్కరు చేసే పనిలో ఎక్కువ భాగం. నీరు ఎక్కువ కావాలంటే ఆయన కొత్తగా నీటిని పుట్టించడు, దించిన తలుపును కాస్త ఎత్తుతాడు. మెట్లెక్కినప్పుడు గుండె వేగం పెరగడంలో మొదటి అడుగు కూడా అలాంటిదే: వేగస్ తన పట్టు సడలిస్తుంది.

ఊపిరి ఇక్కడే ప్రవేశిస్తుంది. బొటనవేలి మొదట్లో మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, నెమ్మదిగా, లోతుగా గాలి పీల్చండి. తరువాత అంతకంటే నెమ్మదిగా వదలండి. పీలుస్తున్నప్పుడు నాడి కాస్త త్వరపడుతుంది, వదులుతున్నప్పుడు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఊపిరి పీల్చేటప్పుడు మెదడు అడుగున ఉన్న మజ్జాముఖంలో వేగస్ సంకేతాలు తగ్గి, వదిలేటప్పుడు మళ్ళీ అందుకుంటాయి. 1847లోనే కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీన్ని గమనించి రాశాడు. నేను నా చేతి మీద చూసుకుంటే తేడా స్పష్టంగా తెలిసింది. డెబ్బై దాటిన మావయ్య చేతి మీద ఎంతసేపు చూసినా దాదాపు సమంగానే ఉంది. వయసుతో ఈ ఊగిసలాట తగ్గిపోతుంది, ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవారిలో మరీ తగ్గుతుంది. కాబట్టి వేలికి తెలియనంత మాత్రాన ఊపిరి పనిచేయడం లేదని కాదు, తెలిసినంత మాత్రాన ఆరోగ్యం అమోఘమనీ కాదు.

ప్రాణాయామంలో ఎక్కువ భాగం, ముఖ్యంగా వదిలే ఊపిరిని పీల్చే ఊపిరి కంటే పొడవుగా సాగించే పద్ధతులన్నీ, చేసే పని ఇదే. గుండెను నేరుగా ఆదేశించే వీలు మనకు లేదు. ఊపిరిని మాత్రం కొంతవరకు ఆదేశించగలం. మనం మరిచిపోయినా నడుస్తూ, తలుచుకుంటే మాట వినే ఇలాంటి పని శరీరంలో అరుదు. యోగులు శతాబ్దాల కిందటే ఊపిరిని పట్టుకున్నారంటే అది ఊరికే కాదు.

దీని వెనుకే మరో యంత్రాంగం ఉంది. మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమని గోడలోను, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వంపులోను రక్తపోటును కనిపెట్టే నాడీకొసలున్నాయి. పోటు పెరిగితే అవి మజ్జాముఖానికి కబురు పంపుతాయి. అక్కడి నుంచి గుండెకు నెమ్మదించమని, రక్తనాళాలకు సడలమని ఆజ్ఞ వెళుతుంది. అయితే రక్తనాళాలు ఆ మాట వినడానికి కొన్ని సెకన్లు పడుతుంది. లాకుల దగ్గర తలుపు ఎత్తిన నీరు శివారు చేనుకు వెంటనే చేరదు కదా. ఈ ఆలస్యం వల్ల రక్తపోటు దానంతట అదే సుమారు పది సెకన్లకొకసారి మెల్లగా ఊగుతూ ఉంటుంది. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. దాన్ని నిమిషానికి ఆరుకు, అంటే పది సెకన్లకొకటికి తగ్గిస్తే, ఊపిరి ఊగడం, పోటు ఊగడం ఒకే లయలో పడతాయి. అట్లతద్దినాడు ఉయ్యాల ఊపేవాళ్ళకు ఈ కిటుకు తెలుసు: బలంగా తోయనక్కర్లేదు, వెనక్కి వచ్చిన ఉయ్యాల మళ్ళీ ముందుకు తిరిగే క్షణంలో వేలితో నెడితే చాలు, అంతెత్తుకు పోతుంది.

2001లో ఇటలీకి చెందిన లూచానో బెర్నార్డీ బృందం 23 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన ప్రయోగం ఈ సంగతిని చక్కగా బయటపెట్టింది. వాళ్ళ చేత లాటిన్ భాషలో మేరీమాత జపమాల ప్రార్థనను, ‘ఓం మణి పద్మే హుం’ అన్న మంత్రాన్ని చదివించారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరుకు దగ్గరగా దిగింది. రక్తపోటును సర్దే ప్రతిచర్య చురుకుదనం పెరిగింది. గుడి గంట, చర్చి గంట ఒకేసారి వినబడే ఊళ్ళు డెల్టాలో కొల్లలు. ఈ ఫలితం ఇక్కడ ఎవరికీ పరాయిది కాదు. నా మటుకు నేను దీని నుంచి గ్రహించేది ఏమిటంటే, పనిచేస్తున్నది చాలావరకు నిదానమైన, సమమైన ఊపిరి. ఏ నామాన్ని అంటిపెట్టుకుని వచ్చిందన్నది గుండెకు అక్కర్లేదు. భక్తి ఉన్నవాళ్ళకు ఆ నామం వల్ల మరేదో మేలు ఉండవచ్చు, అది ఈసీజీ కాగితం మీద కొలవదగింది కాదు.

ఇక మావయ్య ప్రశ్న. శవాసనం నుంచి లేవగానే వచ్చిన 128 అబద్ధం కాదు. నిదానంగా ఊపిరి తీస్తూ అరగంట పడుకున్న మనిషికి పోటు తగ్గుతుంది. కాని అది ఆ పూట, ఆ గడియకు సంబంధించిన అంకె. మూత్రపిండాలు ఉప్పును ఎంత నిలుపుకుంటున్నాయి, ధమనుల గోడలు ఎంత బిరుసెక్కాయి, ఒంటి బరువు ఎంత, ఆవకాయ, ఎండుచేపల రూపంలో రోజూ పడే ఉప్పెంత అన్నవన్నీ కలిసి రోజు మొత్తం మీది పోటును నిర్ణయిస్తాయి. లాకుల దగ్గర గేజీ చూసి శివారు చేను తడిసిందనుకున్నట్టయింది ఆయన పని.

అంటే బీపీ మీద యోగాకు నిలకడైన ప్రభావమే లేదా? ఉంది, కాని చిన్నది. బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ దాతే బృందం 47 మంది రోగులకు శవాసనం నేర్పి చూసిన ఫలితాలను 1969లోనే ప్రచురించింది. లండన్‌లో డాక్టర్ చంద్రా పటేల్ 1975లో 34 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, యోగ విశ్రాంతి నేర్చుకున్న జట్టులో పోటు బాగా తగ్గిందని చూపారు. తరువాతి కాలంలో ఇలాంటి అధ్యయనాలు అనేకం జరిగాయి. 2013 నాటికి వాటిని పోగుచేసి లెక్కించినప్పుడు తేలిన సగటు తగ్గుదల పై అంకెలో సుమారు 4. మామూలు మోతాదులో ఒక బీపీ మాత్ర తగ్గించేది సుమారు 9. నాలుగు తక్కువేమీ కాదు. మాత్ర వేసుకుంటూ, ఉప్పు తగ్గించుకుంటూ, దాని మీద ఈ నాలుగు కలిస్తే పక్షవాతం ముప్పు మరికొంత తగ్గుతుంది. కాని 196ను 128 చేసే శక్తి అందులో లేదు.

శక్తిని మించి చెప్పుకోవడం ఈ రంగంలో పాత అలవాటు. యోగులు గుండెను ఆపేయగలరన్న మాట ఒకప్పుడు ప్రపంచమంతా పాకింది. 1935లో తెరేజ్ బ్రాస్ అనే ఫ్రెంచి వైద్యురాలు ఈసీజీ యంత్రంతో భారతదేశానికి వచ్చి పరీక్షించారు. ఆ తరువాత వెంగర్, బాగ్చీ, ఆనంద్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు మరింత జాగ్రత్తగా ఇదే పని చేసి 1961లో ఫలితాలు ప్రకటించారు. సాధకుడు గాలి పీల్చి, గొంతు బిగించి, పొట్ట, ఛాతీ కండరాలను గట్టిగా బిగబట్టినప్పుడు మణికట్టు దగ్గర నాడి అందకుండా పోయింది, స్టెతస్కోపుకు గుండె చప్పుడు వినబడలేదు. ఈసీజీ మీద మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉంది. ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గడం వల్ల నాడి అడుగంటింది, అంతే. మలబద్ధకంతో ముక్కేవాడు చిన్న ఎత్తున చేసేది కూడా ఇదే. ఈ ఫలితం యోగాను తక్కువ చేసిందని కొందరు బాధపడ్డారు గాని, నాకలా అనిపించదు. 1924లో లోణావాలాలో కైవల్యధామ అనే యోగ పరిశోధన సంస్థను స్థాపించిన స్వామి కువలయానంద ఆసన ప్రాణాయామాలను ప్రయోగశాలలో కొలిపించింది కూడా నిజానిజాలు తేలాలనే.

‘యోగా’ అన్న ఒక్క పేరు కింద ఒకదానికొకటి ఎదురైన పనులున్నాయన్నది చాలామంది పట్టించుకోని సంగతి. నిదాన శ్వాస వేగస్‌ను మేల్కొలిపితే, కపాలభాతి, భస్త్రిక వంటి వేగశ్వాసలు మొదటి పాయను రేపుతాయి. చేస్తున్నంతసేపు గుండె వేగం పెరుగుతుంది. వేగంగా, లోతుగా గాలి కొడుతూ పోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. అది పడిపోతే మెదడు రక్తనాళాలు ముడుచుకుని తల తేలిపోతుంది. రక్తంలో క్షారగుణం పెరిగి, పనికొచ్చే కాల్షియం తగ్గి, పెదవుల చుట్టూ, వేళ్ళ కొసల్లో చీమలు పాకినట్టు జుమ్మంటుంది. మూసి ఉన్న నాడులు తెరుచుకుంటున్నాయని, శక్తి ప్రవహిస్తోందని శిబిరాల్లో దీనికి అర్థం చెప్పడం నేను స్వయంగా విన్నాను. ఆగి మామూలుగా ఊపిరి తీస్తే రెండు నిమిషాల్లో పోయే జుమ్మరింత అది. మూర్ఛ ఉన్నవారికి, గర్భిణులకు, బీపీ అదుపులో లేనివారికి, హెర్నియా ఉన్నవారికి ఈ వేగశ్వాసలు తగవు. శీర్షాసనం విషయంలోనూ అంతే: తలకిందులైనప్పుడు కంటిలోపలి ఒత్తిడి సుమారు రెండింతలవుతుందని చెన్నైలో కంటి వైద్యులు కొలిచి 2006లో ప్రకటించారు. గ్లకోమా, అంటే నీటికాసులు, ఉన్నవారు దాని జోలికి పోకూడదు.

ఈ హెచ్చరిక ఆధునిక వైద్యం కొత్తగా కనిపెట్టింది కాదు. పదిహేనో శతాబ్దపు హఠయోగప్రదీపికలో స్వాత్మారాముడు సింహాన్ని, ఏనుగును, పులిని ఎలా మెల్లమెల్లగా మచ్చిక చేసుకుంటామో ప్రాణవాయువునూ అలాగే లొంగదీసుకోవాలని, లేకుంటే అది సాధకుణ్ణే చంపుతుందని రాశాడు: ‘అన్యథా హంతి సాధకమ్’. ఆసుపత్రి నుంచి వచ్చాక మావయ్య ఈ శ్లోకాన్ని లాకుల దగ్గర లస్కరుకు వినిపిస్తే, ఆయన తలుపు చక్రం మీద చెయ్యి తీయకుండానే, ‘ఆయ్, మాదీ అంతేనండి. జానెడు జానెడు ఎత్తాలి. ఒకేసారి ఎత్తేస్తే దిగువ గట్టు ఆగదండి’ అన్నాడు. 21 రోజుల శిబిరంలో నాలుగో రోజే భస్త్రిక చేయించేవాళ్ళు ఆ శ్లోకాన్ని కాకపోతే ఆ లస్కరునైనా వినాలి.

ఇడ పింగళల గురించి ఒక మాట. ఇడ అంటే పరసహానుభూత వ్యవస్థ, పింగళ అంటే సహానుభూత వ్యవస్థ అని సమీకరణాలు రాసేవాళ్ళున్నారు. ముక్కు రంధ్రాల్లో ఒకటి కొన్ని గంటలపాటు కాస్త బిగుసుకుని, తరువాత రెండోదానికి వంతు ఇవ్వడం నిజమే. కాలువకు వంతులవారీ నీరు వదిలినట్టుంటుంది. దాని వెనుక స్వయంచోదిత నాడులే ఉన్నాయి. అక్కడి నుంచి ఎడమ రంధ్రం ఫలానా పాయ, కుడి రంధ్రం ఫలానా పాయ అని గీత గీయడం మాత్రం శరీరనిర్మాణశాస్త్రం ఒప్పుకోని దూకుడు. భ్రామరిదీ ఇదే తంతు. తుమ్మెదలా ఝుమ్మని గొంతు పలికిస్తే ముక్కులోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు మామూలుగా వదిలే ఊపిరిలో కంటే 15 రెట్లు పెరుగుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2002లో చూపారు. ముక్కు పక్కన ఉన్న గాలి గదుల్లోంచి అది వస్తుంది. ఆ వాయువు పెరగడం ఒక సంగతి, దానివల్ల జబ్బులు నయమవడం వేరొక సంగతి. మొదటిది చూపి రెండోది నమ్మించే ప్రచారాన్ని చూసినప్పుడల్లా నాకు మావయ్య 128 గుర్తుకొస్తుంది.

మనసు మీద ప్రభావం మాటేమిటి? వేగస్ నాడిలోని తంతువుల్లో అధికభాగం, సుమారు 80 శాతం, మెదడు నుంచి శరీరానికి ఆజ్ఞలు తెచ్చేవి కావు. శరీరం నుంచి మెదడుకు కబుర్లు మోసేవి. గుండె ఎలా ఉంది, పొట్ట ఎలా ఉంది, ఊపిరి ఎలా సాగుతోంది అన్న వార్తలు ఎడతెగకుండా పైకి పోతూనే ఉంటాయి. మనసు కుదుటపడితే ఊపిరి కుదుటపడుతుందన్నది అందరికీ తెలిసిందే. ఊపిరిని ముందు కుదుటపరిచి మనసును దాని వెంట తెచ్చుకోవచ్చు అన్న యోగుల పట్టుదలకు ఈ నాడి నిర్మాణంలో ఆధారం దొరుకుతుంది. బోస్టన్‌లో క్రిస్ స్ట్రీటర్ బృందం 2007లో గంటసేపు ఆసనాలు వేసిన ఎనిమిది మంది అనుభవజ్ఞుల మెదడులో గాబా అనే శాంతపరిచే రసాయనం 27 శాతం పెరిగిందని, గంటసేపు చదువుకుంటూ కూర్చున్న 11 మందిలో పెరగలేదని గుర్తించింది. ఎనిమిది మందితో లోకానికంతటికీ తీర్పు చెప్పలేం. అందుకే ఆ బృందం 2010లో మరింత న్యాయమైన పోటీ పెట్టింది: ఒక జట్టు 12 వారాలు యోగా చేసింది, మరో జట్టు అంతే శ్రమ కలిగేలా నడిచింది. ఆందోళన, మనఃస్థితి విషయంలో యోగా జట్టు కాస్త మెరుగ్గా వచ్చింది.

‘న్యాయమైన పోటీ’ అనడానికి కారణముంది. మందు పరీక్షలో మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చవచ్చు. రోగికి తాను ఏది మింగాడో తెలియదు. యోగా చేస్తున్న మనిషికి తాను యోగా చేస్తున్నట్టు తెలియకుండా ఎలా దాస్తాం? పైగా శిబిరానికి వెళ్ళేవాడు తెల్లవారుజామునే లేస్తాడు, పది మందిని కలుస్తాడు, ఆ మూడు వారాలూ మిరపకాయ బజ్జీలు తగ్గిస్తాడు, సిగరెట్టు మానాలని చూస్తాడు. వచ్చిన మేలులో ఆసనానిదెంత, బజ్జీ మానడానిదెంత? ఏమీ చేయకుండా ఇంట్లో కూర్చున్న జట్టుతో పోల్చిన అధ్యయనాలు ఈ ప్రశ్నకు జవాబివ్వలేవు, కాని పత్రికల్లో పెద్ద అక్షరాలతో పడేవి ఎక్కువగా అవే.

గట్టి పరీక్షలకు నిలిచినవాటిలో నడుం నొప్పి ముందు వరుసలో ఉంది. 2017లో 320 మందితో చేసిన అమెరికా అధ్యయనంలో దీర్ఘకాలపు నడుం నొప్పికి యోగా ఫిజియోథెరపీకి తీసిపోలేదు. అక్కడి వైద్యుల సంఘం ఆ ఏడాది మార్గదర్శకాల్లో మందుల కంటే ముందుగా ప్రయత్నించదగినవాటిలో యోగాను చేర్చింది. నాట్లు వేసి, కలుపు తీసి నడుములు పట్టేసిన మన ఆడవాళ్ళకు ఇది పనికొచ్చే కబురే, వాళ్ళకు అరగంట తీరిక ఎవరైనా ఇవ్వగలిగితే. ఉబ్బసంలో బాధ కొంత తగ్గి బతుకు కొంచెం సుఖపడుతుంది. ఇన్‌హేలర్‌కు అది బదులు కాదు.

అన్నిటికంటే విలువైన పరీక్ష మన దేశంలోనే జరిగింది. గుండెపోటు వచ్చిన 3,959 మందిని 24 ఆసుపత్రుల నుంచి తీసుకుని, సగం మందికి మామూలు చికిత్సతోపాటు 12 వారాల యోగా కార్యక్రమాన్ని, మిగతా సగానికి మామూలు చికిత్సతోపాటు సలహాలను ఇచ్చి చూశారు. 2020లో ఫలితాలు వెలువడ్డాయి. మరణాలు, మళ్ళీ గుండెపోటు, పక్షవాతం, అత్యవసరంగా ఆసుపత్రిలో చేరడం అన్నవాటిని కలిపి లెక్కిస్తే రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కాని యోగా జట్టువాళ్ళు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందని చెప్పారు, గుండెపోటుకు ముందు చేసుకునే పనుల్లోకి మరింత బాగా తిరిగి వెళ్ళారు. మొదటి సగం చదివి యోగా దండగన్నవాళ్ళున్నారు, రెండో సగం చదివి గుండెజబ్బుకు యోగాయే మందన్నవాళ్ళున్నారు. గుండెపోటు వచ్చి లేచిన మనిషి గడప దాటడానికే భయపడే రోజుల్ని ఇంట్లో చూసినవాళ్ళకు రెండో సగం ఎంత విలువైనదో తెలుస్తుంది. మొదటి సగాన్ని మరిచిపోనక్కర్లేదు.

మావయ్య ఇప్పటికీ రోజూ కాలువగట్టు మీద చాప వేసుకుని అరగంట కూర్చుంటారు. ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఏడు లెక్కపెట్టేదాకా వదులుతారు. బిగబట్టడం లేదు, భస్త్రిక లేదు. లేచి వచ్చి రెండు మాత్రలు వేసుకుంటారు. డాక్టరు చెప్పిన ప్రకారం పాత దినసరి ఖర్చుల పుస్తకంలో మూడు గడులు గీశారు: పొద్దున్న లేచాక ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చుని చూసిన బీపీ, ప్రాణాయామం అయ్యాక చూసిన బీపీ, సాయంత్రం నాలుగింటికి చూసిన బీపీ. డాక్టరు నడి గడి వైపు చూడనే చూడరని ఆయనకు కొంచెం కష్టంగా ఉంది. మొదటి గడిలో అంకెలు నాలుగు నెలల్లో 150ల నుంచి 140ల్లోకి దిగాయి, మాత్రలు మాత్రం రెండూ అలాగే ఉన్నాయి. సాయంత్రపు గడిలో అంకె నచ్చని రోజున ఆయన పది నిమిషాలాగి మళ్ళీ చూస్తారు. ఆ రెండో అంకెను పక్కన చిన్న అక్షరాలతో రాస్తారు, మొదటిదాన్ని మాత్రం కొట్టెయ్యరు.